కుర్చీలు మార్చుకునే నియమం

మా అక్క వడ్డాది నుంచి వచ్చేసరికి మా ఇంటి వెనక వరండాలో కోడలు నల్లబల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క, కొంగుకి సుద్దపొడి. ఎదురుగా కుర్చీలో నేను. అక్క చేతిసంచీ కింద పెట్టకుండానే గుమ్మంలో ఆగిపోయింది.

"ఏట్రా, రిటైరైనా పాఠాలు మాన్లేదా నువ్వు? ఇప్పుడు కోడల్ని నిలబెట్టేవా?"

"నేను చెప్పడం లేదక్కా. తను చెప్తంది, నేను వింటన్నాను."

"ఇదింకా బాగుంది. మావ కూకోడం, కోడలు నిలబడి పాఠం సెప్పడం! ఈదిలో ఎవులికీ సెప్పకండి, నవ్వుతారు."

నవ్వేవాళ్లని నవ్వనివ్వాలని నేను హేతువాద సభల్లో తిరిగే ఇరవై ఏళ్ల వయసులోనే తేల్చుకున్నాను. నవ్వుకి భయపడేవాడు ఏ మూఢనమ్మకాన్నీ కదిలించలేడు. కానీ ఆ రోజు వరండాలో జరుగుతున్నది మూఢనమ్మకాల మీద పోరాటం కాదు. మా కోడలు ఉద్యోగం ఇంటర్వ్యూకి సిద్ధమవుతోంది.

ఆమె కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివింది. పెళ్లికి ముందూ తర్వాతా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. కడుపుతో ఉన్నప్పుడు మానేసింది. మా అబ్బాయి ఉద్యోగం అచ్యుతాపురం వైపు మందుల ఫ్యాక్టరీలో, షిఫ్టుల మీద. అందుకని కాపురం చోడవరంలో మాతోనే. మనవరాలికి మూడేళ్లు నిండాయి. సరిగ్గా అప్పుడే ఓ పెద్ద ఇంజనీరింగ్ కంపెనీ, టర్బైన్లూ భారీ పంపులూ తయారుచేసేది, విశాఖపట్నంలో తమ సాఫ్ట్‌వేర్ విభాగానికి మనుషులు కావాలని ప్రకటించింది. దానికీ, ఇంకో చిన్న కంపెనీకీ ఆమె దరఖాస్తు చేసింది.

చేసిన రోజే నాతో అంది: "ఈ ఏడు అవ్వకపోతే ఇంక ప్రయత్నం చెయ్యను మావయ్యా. గ్యాప్ పెరిగేకొద్దీ పిలిచేవాళ్లు తగ్గిపోతారు. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదివేనన్నది పెళ్లి శుభలేఖ మీద మాటగా మిగిలిపోతాది."

ఏడుస్తూ అనలేదు. పప్పు రుబ్బుతూ, మామూలుగా అంది. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. ఆడవాళ్ల ఉద్యోగం ఒక దయ కాదు, హక్కు అని నేను ఎన్ని ఊళ్లలో ఎన్ని అరుగుల మీద ఎక్కి అరిచానో నాకే గుర్తులేదు. ఆ మాటలకి పరీక్ష ఇప్పుడు మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

మరి సోషల్ మాస్టారిగా రిటైరైన నాకు కంప్యూటర్ గురించి ఏం తెలుసు? ఏమీ తెలియదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ ఈ ఇంటర్వ్యూల్లో లెక్క చేసి చూపిస్తే చాలదట. చేస్తున్నంతసేపూ, ఎలా ఆలోచిస్తున్నామో పైకి చెబుతూ ఉండాలట. ఆమె చెయ్యి బాగానే నడుస్తోంది, నోరే నడవడం లేదు. "ఇన్నాళ్లూ పాపతోనూ కుక్కర్‌తోనూ తప్ప ఎవరితో మాట్లాడేను మావయ్యా? మీరు సభల్లో మాట్లాడినోళ్లు. నాకు నోరు తెరవడం నేర్పండి," అంది.

నేను చాలామందికి చాలా నేర్పాను గాని, ఇంత సూటిగా అడిగి నేర్చుకున్నవాళ్లు తక్కువ.

మా పాఠం ఇలా నడిచేది. ఒక లెక్క తీసుకుని ఆమె నాకు వివరిస్తుంది. నేను తిరిగి నా మాటల్లో చెప్పాలి. నాకు రాకపోతే ఆమె వివరణలో లోపం ఉన్నట్టు. వరసలో పేర్చిన అంకెల్లో ఒకదాన్ని వెతకడానికి మొదటినుంచీ చూసుకుంటూ పోనక్కర్లేదు, మధ్యలో చూసి, సగం అవతల పారేసి, మళ్లీ మిగిలిన సగంలో మధ్య చూడాలని ఆమె చెప్పినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఒక్కో ప్రశ్నతో సగం అబద్ధాన్ని అవతల పారెయ్యడం! మేం సభల్లో చేసిన పనీ అదే కదా.

నేను ఆమెకి నేర్పిన మొదటి సూత్రం: తగ్గొద్దు. నీ మాట సరైనదని నీకు తెలిస్తే, ఎదుటివాడు ఎంతటివాడైనా వెనక్కి తగ్గొద్దు. కారణం చెప్పు, ఇంకో కారణం చెప్పు, మూడోది చెప్పు. గొంతు వణక్కూడదు. ఆమె బుద్ధిగా నేర్చుకుంది. కొద్దిరోజుల్లోనే వరండాలో నన్నే నోరు మూయించేది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఈ ఇంట్లో ఒకలు చాలరనీ రెండోవారిని తయారుచేస్తన్నారు," అనేది.

మా ఆవిడ గురించి ఒక మాట. మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆవిడ చర్చికి వెళ్తుంది, నేను చర్చకి వెళ్తానని మా వీధిలో పాత హాస్యం. ఆవిడ ప్రార్థనని నేను ఆపను, నా ప్రసంగాన్ని ఆవిడ ఆపదు. ఇద్దరం ఎదుటివాళ్లు మారతారనే ఆశ మాత్రం వదులుకోలేదు.

ముందు చిన్న కంపెనీ ఇంటర్వ్యూ వచ్చింది. ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కోడలు కూర్చుంది. నేను బయట కిటికీ పక్కన పేపరు పట్టుకుని కూర్చున్నాను. పేపరు చదవలేదు. ఇంగ్లీషులో జరిగినా మాట మాటా వినబడుతోంది. ఒకచోట అడిగే ఆయన, ఇంతకంటే తేలికైన దారి ఉంది కదా, అన్నాడు. మా కోడలు అందుకుంది. ఒకటో కారణం, రెండో కారణం, మూడోది. ఆయన మళ్లీ ఏదో అన్నాడు. ఈమె మళ్లీ ఖండించింది. ఆఖరికి ఆయన, సరే, ముందుకు వెళ్దాం, అన్నాడు.

నాకు ఒళ్లు పులకరించింది. పేపరు అక్కడే పడేసి బస్టాండు దాకా వెళ్లి వేడి జిలేబీ కట్టించుకొచ్చాను.

మా ఆవిడ పొట్లం వైపు చూసి, "ఉజ్జోగం వచ్చిందేటండీ?" అంది.

"ఇంకా చెప్పలేదు. కానీ గెలిచింది. అవతలాయనకి మాట లేదు."

"గెలిచింది పరీక్షలోనా, తగువులోనా?"

సమాధానం వారం తిరక్కుండా వచ్చింది. ఉద్యోగం రాలేదని. ఆ కంపెనీ తరఫున ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదస్తురాలు, కారణం కూడా చెప్పింది: విషయం తెలుసు గాని, సలహా ఇస్తే తీసుకోదు, నలుగురితో కలిసి పనిచెయ్యడం కష్టమని రాశారట.

కోడలు ఫోన్ పెట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆయన చెప్పిందే కరెక్టు మావయ్యా. మధ్యలోనే నాకు తెలిసిపోయింది, ఆయన దారే తేలిక. కానీ మీరు తగ్గొద్దన్నారు కదా అని తగ్గలేదు."

వాదంలో ఆరితేరిన ఇళ్లలో మాత్రమే జరిగే తప్పు ఇది. వేరే ఇంట్లో పిల్ల అయితే భయపడి ఉద్యోగం పోగొట్టుకుంటుంది. మా ఇంట్లో పిల్ల గెలిచి పోగొట్టుకుంది.

జిలేబీ సంగతి మా అక్కకి తెలిసిపోయింది. మోకాళ్ల నొప్పికి అనకాపల్లి డాక్టరు దగ్గరికి వారం వారం వెళ్లాలని ఆవిడ మా ఇంట్లోనే ఉండిపోయింది. "మీ కోడలికి ఉజ్జోగం రాకముందే నువ్వు మిఠాయి తినేసేవుట్రా," అని మందులు మింగుతూ కూడా నవ్వేది. నవ్వు అయ్యాక అసలు మాట: "ఒరే, ఆ అమ్మి ఉజ్జోగానికెల్తే ఈ గుంటనెవులు సూస్తారు? నీ పెళ్లానికి నడుం నొప్పి. నాకు మోకాళ్లు. నువ్వు సూస్తావేటి? నీకు పిల్లకి జడెయ్యడం వచ్చా?"

"నేర్చుకుంటాను."

"నేర్సుకుంతాడట! ముందు తువ్వాలు ఆరెయ్యడం నేర్సుకోరా బాబూ."

నేను వరండాలోకి వెళ్లి నల్లబల్ల ముందు కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను కోడలికి మా పద్ధతిలో సగమే నేర్పానని.

మా కుర్రతనంలో పాత బస్టాండు వెనక ఓ ట్యుటోరియల్ షెడ్డులో ఆదివారం చర్చావేదిక నడిచేది. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద స్టీలు గ్లాసు, చెంచా. ఒకరు ఒక పక్షం, ఇంకొకరు ఎదుటి పక్షం. కాసేపయ్యాక అధ్యక్షుడు చెంచాతో గ్లాసు మీద కొడతాడు. అప్పుడు ఇద్దరూ లేచి కుర్చీలు మార్చుకోవాలి. ఇంతసేపు ఖండించిన మాటని ఇప్పుడు సమర్థించాలి. అంతకంటే ముందు, ఎదుటివాడు ఏమన్నాడో అతను 'అవును, నేనన్నది ఇదే' అని ఒప్పుకునేలా చెప్పాలి. అది చెప్పలేనివాడికి ఖండించే హక్కు లేదు.

ఆ నియమం నన్ను ఏడిపించిన రోజు ఉంది. చిల్లంగి మీద చర్చ. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టే రోజులవి, ఆ మాటంటేనే నాకు రక్తం మరిగేది. నిప్పులు కురిపించాను. గ్లాసు మోగింది. కుర్చీ మారాను. ఇప్పుడు చిల్లంగిని నమ్మే మనిషి తరఫున మాట్లాడాలి. చాలాసేపటికి ఒకటి తట్టింది: జ్వరంతో కాలిపోతున్న పిల్లని చంకనేసుకుని, డాక్టరు లేని ఊళ్లో, తల్లి ఎవరి దగ్గరికి వెళ్తుంది? తలుపు తీసినవాడి దగ్గరికి వెళ్తుంది. ఆ రోజు నుంచి నేను ఆ ఊళ్లకి ఉపన్యాసంతో పాటు ఒక డాక్టర్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. నమ్మకాన్ని నేను ఒక్క పిసరు కూడా క్షమించలేదు. కానీ గురి మారింది, దెబ్బ సరైనచోట పడింది.

ఇది కోడలికి చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. "అంటే నా కోడ్‌కి నేనే శత్రువునవ్వాలి," అంది.

"ముందు నువ్వు రాయి. గ్లాసు మోగాక కుర్చీ మారు. నీ కోడ్ ఎక్కడ చస్తుందో నువ్వే చూపించు."

వరండాలోకి రెండో కుర్చీ వచ్చింది. స్టీలు గ్లాసు వచ్చింది. చెంచా పట్టుకునే అధికారం ఎవరికివ్వాలన్నది ప్రశ్న. కాళ్లు చాపుకుని కూర్చున్న మా అక్క చెయ్యి చాచింది.

అధ్యక్షురాలిగా మా అక్క నియంత. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కొట్టేది. కోడలు మంచి ఊపు మీదుండగా టంగుమనేది.

"ఇంకా అవలేదత్తా!"

"అవకపోతే ఏటి? మాట బాగా సాగతన్నప్పుడే తప్పు దొర్లతాది. మారు మారు!"

కోడలు సుద్దముక్కతో సహా రెండో కుర్చీలోకి దూకేది. "ఈ అమ్మాయి రాసింది చూడండి," అని తన గురించే ఎవరో అన్నట్టు మొదలుపెట్టేది. "జాబితా ఖాళీగా ఉంటే ఏం చేస్తుంది? చెప్పలేదు. ఒకే అంకె రెండుసార్లు వస్తే? ఆలోచించలేదు." తనని తాను అలా చెండాడుతుంటే మా అక్కకి పట్టరాని సరదా. "ఒసే, మరీ అంతలా తిట్టుకోకే, ఆ అమ్మి మంచిదే!" అనేది.

నెమ్మదిగా ఆమె మాట తీరు మారింది. ప్రశ్న వినగానే దూకడం మానేసింది. "మీరు అడిగింది నాకిలా అర్థమైంది" అని మొదలుపెట్టేది. తెలియంది తెలియదనేది. గొంతులో వణుకు ఎప్పుడో పోయింది, ఇప్పుడు బింకం కూడా పోయింది.

ఒక్క విషయంలో మాత్రం నాతో ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు ఉద్యోగం ఎందుకు చెయ్యలేదని తప్పకుండా అడుగుతారు. గ్యాప్ అంటారు. గ్యాప్ అంటే ఖాళీ. ఒక మనిషిని కని, పాలిచ్చి, నడిపించి, మాట నేర్పిన కాలాన్ని ఖాళీ అనడానికి ఎవడికి నోరొచ్చింది? ఈ దేశంలో సగం పని జీతం లేకుండా వంటింట్లో జరుగుతుంటే, దాన్ని పని కాదన్న లెక్కలు ఎవరు రాశారు? ఇవన్నీ వాడిగా మూడు పేజీల నిండా రాసి ఇచ్చాను.

చదివి, నవ్వి, మడిచి నాకే ఇచ్చేసింది. "చాలా బాగుంది మావయ్యా. కానీ ఇది మీ ఉపన్యాసం. నా జవాబు కాదు."

పెద్ద కంపెనీ పరీక్షలు రెండు దాటింది. ఆఖరి ఇంటర్వ్యూ మిగిలింది. అప్పుడు మా అక్క, మా ఆవిడ కలిసి ఓ ఆలోచన చేశారు: పాస్టరుగారిని పిలిచి లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయించాలని. నేను అంతెత్తున లేచాను. మా వీధి కరెంటు స్తంభానికి 'ఉద్యోగ సమస్యలకు శాశ్వత పరిష్కారం' అంటూ ఒక జ్యోతిష్కుడి కాగితం అంటించి ఉంటుంది, రోజూ దాన్ని తిట్టుకుంటూ పాల ప్యాకెట్ తెచ్చుకునేవాణ్ణి నేను. ఆ స్తంభం మీద కాగితానికీ దీనికీ తేడా ఏమిటన్నాను. మా ఆవిడ, ఆ మాట వెనక్కి తీసుకోమంది. నేను తీసుకోనన్నాను.

కోడలే తీర్పు చెప్పింది. "పాస్టరుగారు వస్తే టీ ఇద్దాం అత్తయ్యా, మీ తృప్తి మీది. కానీ ఆ రోజు కరెంటు పోకుండా ఉండాలంటే ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు అయిపోయాయి, అవి పోయించాలి. మావయ్యా, అది మీ పని."

పాస్టరుగారు వచ్చారు, టీ తాగారు, పిల్లని దీవించి వెళ్లారు. నేను బ్యాటరీ నీళ్ల డబ్బా తెచ్చి పోశాను. ఇంటర్వ్యూ మధ్యలో నిజంగానే కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకుంది. ఆ ఘనత ఎవరిదన్న వాదన మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. ఆధారం మాత్రం నా వైపే ఉంది.

ఆ రోజు నేను మళ్లీ కిటికీ పక్కనే కూర్చున్నాను. గానుగ సీజను. చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీకి పోతున్నాయి. అడిగేది ఒక మహిళ, పెద్ద ఇంజనీరు లాగుంది. ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఫ్యాక్టరీలో యంత్రాలు తమ వేడి ఎంత ఉందో క్షణక్షణం కబురు పంపుతుంటాయి. ఏ యంత్రం పాడవబోతోందో ముందే కనిపెట్టే ప్రోగ్రాం రాయాలి.

"మీరు అడిగింది నాకిలా అర్థమైంది," అని కోడలు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. చెప్పడం ముగియగానే, అవును, సరిగ్గా అదే, అందావిడ. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

అంతలో వీధిలోంచి ఒక ట్రాక్టరు, డ్రైవరు పెట్టుకున్న పాటతో ఇల్లు అదిరిపోయేలా వచ్చింది. నేను లేవబోయేలోపే గేటు చప్పుడైంది. మోకాళ్ల నొప్పులతో గది దాటడానికే మూలిగే మా అక్క, రోడ్డు మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంది.

"ఒరే బాబూ, ఆ పాటాపరా! లోపల మా కోడలికి పరీచ్చ జరుగుతంది!"

"ఏం పరీచ్చ మామ్మా?"

"నీకెందుకురా? సెప్పినా నీకు తెలీదు, నాకూ తెలీదు. ఆపి పోరా!"

పాట ఆగింది. తర్వాత వచ్చిన ట్రాక్టర్లన్నిటినీ ఆవిడ అక్కడే నిలబడి అలాగే పంపించింది.

లోపల ఆ ఇంజనీరు అడుగుతోంది: ముందు పంపిన కబురు వెనకా, వెనక పంపిన కబురు ముందూ వస్తే? కోడలు కాగితం మీద ఏదో గీస్తున్న చప్పుడు. మాట్లాడు తల్లీ, అనుకున్నాను.

"మీరన్నది నిజం," అంది కోడలు. "నా పద్ధతి అక్కడ విరిగిపోతుంది. కాసేపు మీ వైపు నిలబడి, ఇది ఇంకా ఎక్కడెక్కడ విరుగుతుందో చూపిస్తాను. తర్వాత బాగుచేస్తాను."

చూపించింది. అడిగినావిడ అడగని లోపం కూడా ఒకటి చూపించింది. అప్పుడు ఇద్దరూ కలిసి దాన్ని సరిచెయ్యడం మొదలుపెట్టారు. కలిసి! ఎవరు అడుగుతున్నారో ఎవరు చెబుతున్నారో కాసేపటికి నాకు తెలియలేదు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు వంట చేస్తున్నట్టుంది. ఎన్నో సభలు చూశాను గాని, ఇద్దరూ గెలిచిన వాదం అంత దగ్గర నుంచి వినడం అదే మొదలు.

ఆఖరికి ఆ ప్రశ్న రానే వచ్చింది, మధ్యలో ఇన్నేళ్ల గ్యాప్ ఏమిటని.

"నా కూతుర్ని పెంచాను. ఆ కాలంలో కోడ్ రాయలేదు. మరిచిపోయింది మళ్లీ నేర్చుకున్నాను. ఎందులోనైనా అడగండి," అంది.

అంతే. నా ఉపన్యాసం మూడు పేజీలు. అందులో ఉన్న సత్యమంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది, పైగా బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. నేను మా పాఠశాలలో పిల్లలకి ఎన్నో బహుమతులు ఇచ్చాను. ఆ క్షణాన నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కిటికీ తెరిచి ఉందని గుర్తొచ్చి ఆగాను.

ఈసారి జిలేబీకి వెళ్లలేదు. ఫోన్ వచ్చేదాకా కదలకూడదని మా ఆవిడ ఆంక్ష. వచ్చిన రోజు కోడలు మెట్ల మీద పాపకి అన్నం పెడుతోంది. ఎడమచేత్తో ఫోన్ ఎత్తి విన్నది. విని, థాంక్స్ చెప్పి, కింద పెట్టి, చేతిలో ఉన్న ముద్ద పాపకి పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "వచ్చింది మావయ్యా," అంది. అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు వారంలో కొన్ని రోజులు ఉదయం బస్సుకి విశాఖపట్నం వెళ్తుంది, మిగతా రోజులు ముందు గదిలోంచే పని. మొదటి రోజు ఆమె మెడలో కంపెనీ గుర్తింపు కార్డు వేసుకుని వీధిలో నడుస్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఏ దేవుడికి మొక్కుకున్నారని ఆ ఉదయం అడిగినవాళ్లకి, రెండు కుర్చీలకీ ఒక స్టీలు గ్లాసుకీ అని చెప్పాను. నమ్మలేదు. ఆధారం చూపించినా నమ్మనివాళ్లు నాకు కొత్త కాదు.

లోపలికి వచ్చేసరికి మనవరాలు దువ్వెన పట్టుకుని నా కోసం కూర్చుని ఉంది. నేను వెనకాల పీట మీద కూర్చుని పాపిడి తీశాను. జడ అల్లాను. రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పాను. మా అక్క కళ్లజోడు సర్దుకుని చూసింది.

"పాపిడి వంకర పోయిందిరా."

"లేదు. నువ్వు కూర్చున్న వైపు నుంచి అలా కనిపిస్తంది. నేను ముక్కుకి సూటిగా తీసేను. పైగా పిల్ల తల కదిపింది. పైగా..."

టంగుమని చప్పుడు. పక్కనున్న కాఫీ గ్లాసు మీద చెంచాతో కొట్టింది మా అక్క.

లేచి ఆవిడ పక్కకి వెళ్లి కూర్చుని చూశాను. వంకరగానే ఉంది. తిరిగి వచ్చి జడ విప్పాను.